తేలిక బండి

గంటలో తిరిగి రమ్మన్నాడు గణేష్‌బాబు. ఆధార్ కార్డు సొరుగులో పడేసుకుని, తాళం చేతిలో పెట్టి, "గోదాట్లోకి మాత్రం దింపకండి అబ్రహాం గారూ, ఇంకెక్కడికి తీసుకెళ్లినా మీ ఇష్టం," అని తన మాటకి తనే నవ్వాడు. అబ్రహాము నవ్వలేదు. పెళ్లాం పోయాక నవ్వడం మానేశాడని ఊళ్లో అంటారు గానీ అంతకుముందు మాత్రం ఎవరికి నవ్వి చూపించాడు గనక. రామచంద్రపురం బజారు దాటి కాలవ గట్టెక్కేదాకా కింద బండి ఉన్నట్టే తెలియలేదు. ఇంత తేలికేంటి దీని దుంపతెగ. షోరూము మెట్ల మీంచి గణేష్‌బాబు దీన్ని ఒంటిచేత్తో దింపాడు, పెళ్లి పందిట్లో ప్లాస్టిక్ కుర్చీ జరిపినట్టు. పాత ఛార్జింగు బండైతే స్టాండు తియ్యడానికే తొడ ఆనించి, ఊపిరి బిగబట్టి, ప్రభువుని తలుచుకోవాలి. సీటు కింద నాలుగు సీసం బ్యాటరీలు, తడిసిన ధాన్యం బస్తా బరువు. అవి ఇప్పుడు ఉబ్బిపోయాయి. కొత్తవి నాలుగూ వేయించి దాన్నే నడుపుకోవడమా, దాన్ని ఇచ్చేసి ఇది తీసుకోవడమా, ఈ పూట తేల్చాలి. పాతది తీసుకుని కొత్తది ఇవ్వడం ఇవాళ్టితో ఆఖరట. తణుకు నుంచి కూతురు ఆశాజ్యోతి పొద్దున్నే ఫోన్ చేసింది. "ఆ దరిద్రపు బండిని ఇంకా ఎందుకుంచుకున్నావు నాన్నా, అమ్మని చంపిన బండది," అంది. కూతురికి ఆ మాట నేర్పింది తనే.

అమ్మని చంపిన బండి. రెండేళ్లుగా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ ముక్కే చెప్పాడు. కడియం నర్సరీల్లో పక్కన గొంతుకూచుని మొక్కలకి అంట్లు కట్టేవాళ్లకి చెప్పాడు. కట్టు కడుతూ చెయ్యి ఆపకుండానే చెప్పాడు, కత్తితో కొమ్మ చెక్కినంత నున్నగా వచ్చేది ఆ మాట. బండి ఆగిపోయింది, మనిషి పోయింది. పొద్దున్న గణేష్‌బాబుకీ అదే చెప్పాడు, ఆ పాతదాన్ని నా కళ్లముందే ముక్కలు చేయిస్తానంటేనే ఇస్తాను అని కూడా అన్నాడు. గణేష్‌బాబు పెన్నుకి మూత పెట్టి, "అయ్యో, ఈ బండే అప్పుడుండుంటే మేడం గారు ఇవాళ మన మధ్యే ఉండేవారండి," అన్నాడు. అమ్ముకునేవాడి నోరు. రోజుకి పదిమందికి పదిరకాలుగా చెప్పే నోరు. అయినా ఆ మాట ముల్లులా దిగింది, దిగి అక్కడే ఉంది. అందుకే మార్కెట్ వైపు కాకుండా ఈ గట్టు పట్టాడు. పెళ్లాం పాపాయమ్మని ఊళ్లోంచి ఏ దారిన ఆసుపత్రికి తెచ్చాడో ఆ దారిలోనే ఇప్పుడు వెనక్కి పోతున్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర వాచీ చూసుకున్నాడు. పదీ ఇరవై. కాలవ లాకుల దగ్గరికి, పాతది ఆగిన చోటికి, ఎంతసేపట్లో వెళ్తుందో చూడాలి. అంతే. ఆ లెక్క ఒకటి తేలితే బండి సంగతి తేలిపోతుంది.

గట్టు మీద సగం రోడ్డు ధాన్యానిదే. ఆరబోసి, బళ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. ఆడవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తూ పాదాలతో చాళ్లు తీసినట్టు గింజలు తిరగేస్తున్నారు, తలలకి తువ్వాళ్లు చుట్టుకుని. పాత బండి ఈ గింజల మీదికెక్కితే దున్న బురదలో జారినట్టు జారేది. ఇది చేపలా తప్పుకుపోతోంది, చెయ్యి అనుకోకముందే తిరుగుతోంది. చప్పుడు లేదు. కాలవలో గుర్రపుడెక్క కదలకుండా ఉంది. అవతలి గట్టున రొయ్యల చెరువుల్లో చక్రాలు తిరుగుతూ నీళ్లు కొడుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది, పాత బండి మీద ఏనాడూ వినలేదు, అది మూలిగే మూలుగే సరిపోయేది. వెనకాల ఏమీ లేదు. సీటు ఒక్కరికే. దాని వెనక చిన్న ఇనప కారేజీ, సంచీ కట్టుకోవడానికి. వీపు మీద గాలి తగులుతోంది. ఇన్నేళ్లలో బండి మీద వీపుకి గాలి తగలడం ఇదే మొదలు. పాతదానికి వెల్డింగు షాపులో వెనక సీటు చివర ఇనప ఊచ పెట్టించాడు, ఆమె ఆనుకోవడానికి, నడుం నొప్పని. పెట్టించాడేగానీ మంచి మాటతో పెట్టించలేదు. "ఓ పక్కకి వాలిపోతావు, నిన్ను చూసుకోనా రోడ్డు చూసుకోనా," అన్నాడు. ఆమె ఆ ఊచకి ఎప్పుడూ ఆనుకోలేదు. అతని చొక్కా పట్టుకునేది, రెండు వేళ్లతో, నడుం దగ్గర, అతనికి తెలియకూడదన్నట్టు. తెలిసేది. చెప్పలేదు. ముప్పై నాలుగేళ్లు కాపురం చేసి చెప్పని మాటలు ఎన్నో ఉన్నాయి, అవన్నీ ఎక్కడికి పోతాయో ఎవరికి తెలుసు. పాస్టరు గారు మట్టిలో కలిసేది దేహమే అంటాడు. మాట్లాడని మాటల గురించి ఏ ఆదివారమూ చెప్పలేదు.

ఇంకో వారంలో డిసెంబరు. పేటలో అప్పుడే వెదురు గడలు కొట్టి తెస్తున్నారు నక్షత్రాలు కట్టడానికి. డిసెంబరు మొదటి తారీకున ఇంటికి నక్షత్రం కట్టకపోతే ఆ ఇంట్లో ఆ ఏడు చావు జరిగిందని లెక్క. తన ఇంటికి నిరుడు కట్టలేదు, ఒక్క ఏడాది చాలని అందరూ అంటున్నా ఈ ఏడూ కట్టే ఉద్దేశం లేదు. నక్షత్రం మీద కోపం. మొదట్లో బండి కన్నా ముందు తప్పు నక్షత్రానిదే. వరండాలో ప్లగ్గు ఒక్కటే ఉంది. బండి బరువుకి అరుగెక్కదు, దాని వైరు లోపలి ప్లగ్గు దాకా రాదు. ఏడాదంతా ఆ ప్లగ్గు బండిది, డిసెంబరులో నక్షత్రానిది కూడా. ఇలా ఒకే ప్లగ్గుకి దేవుడి కుమారుడూ ఛార్జింగు బండీ పోటీ పడే ఇల్లు ఇంకెక్కడైనా ఉంటుందా అని పాపాయమ్మ నవ్వేది. ఆమే ఒక పద్ధతి పెట్టింది. క్యారల్స్ వాళ్లు పాడుకుంటూ పేట దాటేదాకా నక్షత్రం వెలగాలి, ఆ తర్వాత అది పీకేసి బండి పెట్టాలి. ఆ పీకడం, పెట్టడం ఆమె పని. ఎవరూ చెప్పలేదు. ఇంట్లో కొన్ని పనులు అలా ఎవరో ఒకరివి అయిపోతాయి, ఇక చచ్చేదాకా వాళ్లవే. పోయే ముందు రాత్రి ఆమె భుజం లాగుతోందని పెందలాడే పడుకుంది. నక్షత్రం వెలుగుతూ ఉండిపోయింది. బండికి ఛార్జింగు ఎక్కలేదు. ఆవిడగారి నక్షత్రం ఆవిడ ప్రాణం మీదికే తెచ్చింది, అని సమాధి దగ్గర మట్టి వేసి వస్తూ ఎవరితోనో అన్నాడు. అన్నది గుర్తుంది. తెల్లారుజామున దాహానికి లేచి ఆ నక్షత్రం వెలుగుతుండగా చూసింది కూడా గుర్తుంది. అది ఎవరితోనూ అనలేదు. చెయ్యి చాపితే ప్లగ్గు అందుతుంది. చాపలేదు. ఆమె పని కదా, మర్చిపోయింది కదా, లేవనీ, నాలుగు మాటలు అనొచ్చు అనుకుని లోపలికెళ్లి దుప్పటి కప్పుకున్నాడు. నాలుగు మాటలు అనే అవకాశం కోసం. మనిషన్నవాడు దేనికోసం ఏం పోగొట్టుకుంటాడో ముందు తెలియదు. తెలిసినా అబ్రహాము లేచి ఉండేవాడా అంటే, ఏమో, లేచి ఉండేవాడు కాదేమో.

వంతెన దగ్గర ధాన్యం ట్రాక్టరు ఒకటి ఎదురొస్తే బండి పక్కకి తీసి నిలబెట్టాడు. ఒక్క కాలు ఆనిస్తే చాలు నిలబడింది. ఈ ఏడు మోకాళ్లు బాగా చెడ్డాయి, నర్సరీలో రోజంతా గొంతుకూచుని లేస్తే కీళ్లలో ఇసక. పాతదాన్ని ఇంకో ఏడాది మొయ్యలేడు, అది మాత్రం ఖాయం. దీని బ్యాటరీ చిన్న ట్రంకు పెట్టెలా ఊడొస్తుందని గణేష్‌బాబు చూపించాడు. చేత్తో పట్టుకెళ్లి మంచం పక్కన పెట్టుకుని ఛార్జింగు పెట్టుకోవచ్చట. వరండా ప్లగ్గుతో పనే లేదు. ఆ ప్లగ్గులో ఇక ఏడాది పొడుగునా నక్షత్రం వెలిగించుకోవచ్చు, వెలిగించే మనిషి ఉంటే. ట్రాక్టరు పోయింది. ధాన్యం ధూళి. ఆ పొద్దున కూడా ఇలాగే ధూళి, మంచు, రెండూ కలిసిన వాసన. ఆరున్నరకి ఆమె గోడ పట్టుకుని వచ్చి వరండాలో కూలబడింది, రాత్రి కట్టుకున్న చీరతోనే. "ఏవండీ, గుండెల మీద ఎవరో కూచున్నట్టుందండి," అంది. అతను ముందు నక్షత్రం వైపు చూశాడు. అన్నాడు కూడా, అనాలనుకున్న నాలుగు మాటలూ. ఆమె విన్నది. విని, "బుల్లియ్యని పిలవండి," అంది. మూడిళ్ల అవతల బుల్లియ్య, సొంత తమ్ముడు, వాకిట్లో ఆటో. "బండుందిగా, ఎక్కు," అన్నాడు అబ్రహాము. బండిలో ఒక్క గీత ఛార్జింగుంది.

బుల్లియ్యతో మాటల్లేక అప్పటికి తొమ్మిదేళ్లు. అమ్మ సమాధి రాయి దగ్గర పుట్టిన తగువు. వానలు వెలిశాక ఇద్దరం కలిసి కట్టిద్దామని అనుకున్నారు. అబ్రహాము కడియంలో మామిడి అంట్ల పని ఒప్పుకుని నెల రోజులు అక్కడే ఉండిపోయి తిరిగొచ్చేసరికి రాయి కట్టేసి ఉంది, సున్నం తెల్లగా, పలక నల్లగా. తల్లి మరియమ్మ జ్ఞాపకార్థం కుమారుడు బుల్లియ్య కట్టించెను. కుమారుడు. ఒక్కడే పుట్టినట్టు. అడిగితే వాడు తల గోక్కుని, "పలక చిన్నదైపోయిందన్నయ్యా, చెక్కేవాడు నీ పేరు పట్టదన్నాడు, వచ్చే ఏడు ఇంకో పలక వేద్దాంలే," అన్నాడు. వచ్చే ఏడు. నవంబరులో సమాధుల పండక్కి ఊరు ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని స్మశానంలో తిరుగుతుంది, ప్రతి పలకా చదువుతుంది, చదువురానివాళ్లు పక్కవాళ్లని అడిగి చదివించుకుంటారు. ఆ వెలుగులో తన పేరు లేని రాయి ముందు నిలబడ్డాడు అబ్రహాము. ఆ రోజు మానేసిన మాట. పాపాయమ్మ మానలేదు. పెరటి దారిన వెళ్లి తోడికోడలితో మాట్లాడి వచ్చేది, కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి, అతను కూరలో ఉప్పు తేడాతో పట్టేసేవాడు. పట్టేసి, తినేసి, ఏమీ ఎరగనట్టు లేచిపోయేవాడు. అంటు కట్టేవాడికి ఒకటి తెలుసు, కోసిన చోట గాలి తగలనిస్తే కొమ్మ ఎండిపోతుంది, రెండు నిమిషాల్లో ముడి పడిపోవాలి. తొమ్మిదేళ్లు గాలికి వదిలేసిన కోత అది. ఇప్పుడు పదకొండు.

లాకులు వచ్చేశాయి. బండి ఆపి వాచీ చూశాడు. పదీ ముప్పై రెండు. పన్నెండు నిమిషాలు. తలుపుల కింద నీళ్లు నురగలు కక్కుతూ పడుతున్నాయి. ఇక్కడే, ఈ సిమెంటు దిమ్మ దాటి నాలుగు బారల దూరంలో పాతది చచ్చింది, మూలిగి, మెల్లగా, పడుకోబోయే గేదెలా. అక్కడినుంచి ఆసుపత్రికి తోసుకుంటూ గంటంబావు పట్టింది. దిగి నడుస్తానంటే దిగనివ్వలేదు, సీటు మీద కూచోబెట్టే తోశాడు, బండిని, బ్యాటరీలని, ఆమెని. భుజాలు ఊడిపోయాయి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. "ఓ అరగంట ముందు తెచ్చుంటే," అంది డాక్టరమ్మ, చేతులు కడుక్కుంటూ. కాబట్టి గణేష్‌బాబు చెప్పింది నిజమే. ఈ తేలిక బండే ఉండుంటే పన్నెండు నిమిషాలు. అమ్ముకునేవాడు ఒక్కోసారి నిజం చెప్తాడు. లెక్క తేలింది, ఇక వెనక్కి తిప్పొచ్చు, పాతదాన్ని సుత్తెలతో కొట్టిస్తుంటే కుర్చీ వేసుకుని చూడొచ్చు. అబ్రహాము బండి తిప్పలేదు. దిమ్మ మీద కూచున్నాడు. నీళ్లు చూస్తూ కూచుంటే లెక్కలో ఇంకో అంకె ఉందని తెలుస్తూనే ఉంది, అది ముందునుంచీ ఉంది, అది రాకూడదనే బండి గురించి ఇంత ఆలోచిస్తున్నాడు. ఆటోలో అయితే ఎనిమిది నిమిషాలు.

వచ్చింది ఆటో. బండి ఆగిన పది నిమిషాలకే వెనకనుంచి వచ్చింది, ఖాళీగా, తెల్లారి మొదటి బేరానికి స్టాండుకి పోతూ. హారను కొట్టలేదు. పక్కకొచ్చి ఆగింది. బుల్లియ్య తల బయటికి పెట్టి ఆమె ముఖం చూశాడు, చూసి కిందికి దూకాడు, ఒక చెప్పు ఆటోలోనే ఉండిపోయింది. "వదినా, ఏంటిది, దిగు, ఎక్కు ఆటో," అన్నాడు. తొమ్మిదేళ్లలో అన్నకి అంత దగ్గరగా రావడం అదే. బీడీ కంపు, కొబ్బరినూనె వాసన. అమ్మ వాసన. అబ్రహాము హ్యాండిలు వదల్లేదు. తల తిప్పలేదు. చెయ్యి ఊపాడు. పొమ్మన్నట్టు. ఈగని తోలినట్టు. "అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు బుల్లియ్య. అబ్రహాము ఇంకోసారి ఊపాడు. అప్పుడు పాపాయమ్మ మాట్లాడింది. చెమటతో ముఖం మెరుస్తోంది, పెదాలు నీలం. ఆమె మరిది వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించి, "నువ్వెళ్లవయ్యా, పర్లేదు. మీ అన్నయ్య ఉన్నారుగా," అంది. మీ అన్నయ్య ఉన్నారుగా. ప్రాణం పోయేటప్పుడు కూడా మొగుడి మాట కింద పడనివ్వని మనిషి. బుల్లియ్య ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. ఆటో వాళ్లని దాటి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా ఆమె రెండు వేళ్లు చొక్కా అంచుని పట్టుకునే ఉన్నాయి, చాలా దూరం వరకు.

ఆటో దాటి పోవడం పొలాల్లో పనివాళ్లు చూశారు. ఆగడం చూసినవాళ్లు లేరు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, సొంత వదిన బండి మీద వాలిపోయి ఉంటే వాడు ఆటో ఆపకుండా పోయాడట. బుల్లియ్య ఆపానన్నాడు. పొమ్మన్నారన్నాడు. చావు ఇంట్లో ఆ మాట చెప్తే ఎవరు నమ్ముతారు, తప్పించుకోవడానికి చచ్చినదాని మీద పెడుతున్నాడన్నారు. పాస్టరు గారు న్యాయంగా అబ్రహాముని పక్కకి పిలిచి అడిగాడు, "బుల్లియ్య ఆపానంటున్నాడు, నిజమేనా?" అని. అబ్రహాము నేల చూసి, "నాకు గుర్తులేదండి," అన్నాడు. అంతే అన్నాడు. అబద్ధం కూడా పూర్తిగా ఆడలేదు. రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలతో చర్చిలో కానుక పళ్లెం పట్టే పని బుల్లియ్య చేతిలోంచి పోయింది. పేట ఆడవాళ్లు వేరే ఆటో ఉంటే అతని ఆటో ఎక్కరు. ఆశాజ్యోతి తన కొడుకు బాప్తిస్మానికి బాబాయిని పిలవలేదు, ఎదురుపడితే చీర కొంగు విసురుగా లాక్కుని పోతుంది. చిన్నప్పుడు ఆ పిల్ల ఆటో ముందు సీట్లో వాడి ఒళ్లోనే పెరిగింది. అబ్రహాము చూస్తూ ఊరుకున్నాడు. ఊరుకోవడంలో రుచి ఉంది, అది దాచుకోవడం దేనికి. సమాధి రాయికి సమాధానం దొరికినట్టే ఉంది మొదట్లో. తర్వాత ఆ రుచి పోయింది, ఊరుకోవడం మాత్రం మిగిలింది. అప్పటినుంచే బండిని ఎక్కువ తిట్టడం మొదలుపెట్టాడు.

బండి ఆగింది. నిజమే. అది ఇనుము, ఛార్జింగు లేకపోతే ఆగుతుంది, ఇది కూడా ఆగుతుంది, గణేష్‌బాబు దీన్ని ఎంత పొగిడినా. బండి ఆగిన తర్వాత జరిగినదానికి బండితో పని లేదు. పాపం మూగది, ఆ బరువుతో గంటంబావు ఆమెని మోసింది కూడా అదే. దిమ్మ మీంచి లేవబోతే మోకాళ్లు పట్టేశాయి, హ్యాండిలు పట్టుకుని లేచాడు. తేలిక బండి ఊగింది గానీ పడలేదు. మంచి బండే. మోకాళ్లకి మంచిది. అంతకన్నా దీనిలో ఏముంది, అంతకన్నా దానిలో మాత్రం ఏముంది. తిరిగి వస్తుంటే ధాన్యం దగ్గర ఒకామె, "ఏంటండీ అంట్ల మేస్త్రి గారూ, కొత్త బండా, చప్పుడు లేకుండా గాల్లో పోతున్నారూ!" అని అరిచింది. చెయ్యెత్తాడు. ఏ చెయ్యి ఎత్తాడో చూసుకుని దింపేశాడు.

"ఇంకా పావుగంట ఉందండి, అప్పుడే వచ్చేశారేంటి! నచ్చలేదా?" అన్నాడు గణేష్‌బాబు.

"నచ్చింది. తీసుకుంటాను."

"మరి ముఖం అలా పెట్టారేంటండి బాబూ, నేను ఏదో అంటగట్టినట్టు!"

"నా ముఖం ఇంతే."

గణేష్‌బాబు కాగితాలు తీశాడు. పాత బండి అద్దాల తలుపు పక్కన నిలబడి ఉంది, వెనక ఊచ తుప్పు పట్టి. "దీన్ని తుక్కుకి పంపించేద్దామండి. మీ కళ్లముందే కొట్టించమన్నారుగా, సుత్తె ఉన్న మనిషిని కూడా రమ్మన్నాను."

"వద్దు. బ్యాటరీలేసి ఎవరికన్నా ఇచ్చుకో. బండి మంచిదే."

"పొద్దున్న మనిషిని చంపిందన్నారు?"

"పొద్దున్న అన్నాను," అన్నాడు అబ్రహాము. గణేష్‌బాబు కాగితాలు ముందుకి జరిపాడు. ఇది చూపించే బండి, మీది శనివారం రాజమండ్రి నుంచి వస్తుంది, అందాకా ఇంటికెలా వెళ్తారండి అని మాత్రం అడిగాడు. ఆటోలో అన్నాడు అబ్రహాము. అనేశాక ఆ మాట బయటే ఉండిపోయింది, లోపలికి రాలేదు. పదకొండేళ్లలో ఆటో ఎక్కలేదు. స్టాండు దాకా నడుస్తుంటే ఇంకో ఆటో వరసలో ముందుంటే బాగుండుననీ, ఉండకపోతే బాగుండుననీ, రెండూ ఒకేసారి అనుకున్నాడు.

వరసలో ముందుంది బుల్లియ్య ఆటోనే. లోపల పేటవాళ్లు నలుగురు, ముగ్గురు ఆడవాళ్లు, ఒక ముసలాయన, వేరే ఆటో లేక ఎక్కిన ముఖాలతో. అంగన్వాడీలో పని చేసే రాణి అంచున కూచుంది, అబ్రహాముని చూడగానే పక్కామె తొడ గిల్లింది. బుల్లియ్య అద్దం తుడుస్తున్నాడు. జుట్టు తెల్లబడిపోయింది, ఎప్పుడు తెల్లబడిందో. అన్నని చూశాడు, తుడవడం ఆపలేదు.

"ఎక్కడికండి?"

"ఊళ్లోకి."

"ఎక్కండి."

అండి. పరాయివాడితో అన్నట్టు. రాణి జరిగి చోటిచ్చింది. ఆటో కదిలింది. పేటవాళ్లు ఆటోలో మాట్లాడకుండా ఉండటం అబ్రహాము ఎన్నడూ ఎరగడు, పోపు వెయ్యని పప్పులా ఉంది ఆ నిశ్శబ్దం. బజారు అయింది. రైసు మిల్లు అయింది. ఇంకో అర మైలు పోతే వంతెన, అక్కడ ముసలాయన దిగిపోతాడు, వినేవాళ్లలో ఒకరు తగ్గిపోతారు. ఎదురుగా బుల్లియ్య మెడ కనిపిస్తోంది, కాలర్ దగ్గర చిరిగి కుట్టుకున్న చొక్కా. గొంతు సవరించుకోవడానికి రెండుసార్లు దగ్గాడు అబ్రహాము. ఆ తర్వాత దగ్గుతో పాటే అనేశాడు.

"ఆ రోజు మా తమ్ముడు ఆటో ఆపాడు. మేం ఎక్కలేదు."

ఆటో చప్పుడు ఎక్కువ. రాణి, "ఏంటండీ? ఏమన్నారూ?" అంది చెవి దగ్గరికి తెచ్చి. ఆటో ఆగిపోయింది. ఇటికల బట్టీ పక్కన, రోడ్డు మధ్యలోనే. బుల్లియ్య ఇంజను ఆపేశాడు. వెనక్కి తిరగలేదు.

"మేమంటే ఎవరు?" అన్నాడు.

"నేను. మీ వదినైతే ఎక్కేదే. ఇంటి దగ్గరే నిన్ను పిలవమంది. నేనే పిలవలేదు. నువ్వు వచ్చి ఆపితే నేనే ఎక్కనివ్వలేదు. చెయ్యూపి పొమ్మన్నాను."

"పాస్టరు గారు అడిగితే?"

"గుర్తుండే గుర్తులేదన్నాను."

ముసలాయన "ప్రభువా" అన్నాడు. రాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బుల్లియ్య రెండు చేతులూ హ్యాండిలు మీద పెట్టుకుని రోడ్డు చూస్తూ కూచున్నాడు, వెనకనుంచి లారీ హారను కొడుతున్నా కదల్లేదు. అతని వీపు ఎగిసి పడుతోంది. ఏడుస్తున్నాడో, కోపంతోనో, వెనక కూచున్నవాళ్లకి తెలియలేదు. లారీ తిట్టుకుంటూ పక్కనుంచి పోయింది.

"ఇక్కడ నలుగురే ఉన్నారు," అన్నాడు చివరికి. "నా మీద రెండేళ్లు ఊరంతా ఊసింది. నీ కూతురు కూడా. ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెప్పు. ఆ పిల్లనీ రప్పించి ఎదురుగా కూచోబెట్టి చెప్పు. అప్పుడు చూద్దాం." ఊపిరి పీల్చుకున్నాడు. "ఇప్పుడు మాత్రం దిగన్నయ్యా. నిన్ను మొయ్యలేను."

"పోనియ్యి బాబూ, ఎండలో పెద్దాయన..." అని రాణి ఏదో అనబోయింది. అబ్రహాము అప్పటికే ఒక కాలు కింద పెట్టాడు. ఛార్జీ తీయబోతే బుల్లియ్య ఇంజను స్టార్టు చేశాడు. ఆటో వెళ్లిపోయింది, రాణి తల బయటికి పెట్టి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉంది. ఆవిడ ఇల్లు చేరేలోపు పేటలో సగం ఇళ్లకి తెలిసిపోతుంది. అయినా ఆదివారం చెప్పాలి. తెలియడం వేరు, నిలబడి చెప్పడం వేరు. ముందు ఆశాజ్యోతికి ఫోన్ చెయ్యాలి. రమ్మంటే ఎందుకంటుంది. ఎందుకో ఫోన్‌లోనే చెప్పేస్తే ఇక రాదేమో, ఈ ముఖం చూడదేమో. పిలవాలి. ఊరు ఇంకా చాలా దూరముంది. మోకాళ్లు అప్పుడే గొణుగుతున్నాయి. అబ్రహాము రోడ్డు అంచున నడక మొదలుపెట్టాడు, చెప్పాల్సిన ముక్కలు పైకే వరసగా అనుకుంటూ. నా భార్య పాపాయమ్మ, అన్నాడు. అక్కడే మాట ఆగిపోయింది. పది అడుగులు వేశాక, మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టాడు.